ఎక్కనివ్వండి, దూకనివ్వకండి

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్తే. మాది హన్మకొండ. మా అమ్మాయి చదువు కోసం హైదరాబాద్ హాస్టల్‌కు పోతూ తన కుక్కను మాకు అప్పజెప్పి పోయింది. డాష్‌హండ్, ఆడది, పేరు చిట్టి. అయిదేళ్లు, బరువు పదకొండు కిలోలు. రాత్రి మా మంచం మీదే పడుకుంటుంది. పొద్దున పాలాయన బెల్లు కొట్టగానే ఒక్క దూకు దూకి దర్వాజ దగ్గరికి ఉరుకుతుంది. పది రోజుల కింద అట్లా దూకి కెవ్వుమని అరిచింది. రెండు రోజులు ముందు కాలు ఎత్తి కుంటింది, తర్వాత మామూలుగానే ఉంది. భయమేసి ఆన్‌లైన్‌లో స్పాంజి మెట్లు తెప్పించాను. వాటిని పట్టించుకోకుండా పక్క నుంచే దూకుతోంది. కుక్కను మంచం ఎక్కించుడే తప్పని మా అత్తమ్మ అంటుంది. వరండాలో కట్టేద్దామని మా ఆయన అంటున్నారు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మెట్ల సంగతి కాసేపు పక్కన పెడదాం. దూకి అరిచి, రెండు రోజులు కుంటిన కుక్కను ఇంతవరకు ఎవరికీ చూపించినట్టు మీరు రాయలేదు. చూపించకపోతే రేపే చూపించండి. కుంటు పోయినంత మాత్రాన లోపల దెబ్బ మానినట్టు కాదు. కుక్కలు నొప్పిని చాలావరకు దాచుకుంటాయి. పైగా డాష్‌హండ్ ముందు కాలు ఎత్తిందంటే నొప్పి కాలిలోనే ఉండాలని లేదు. మెడలో డిస్కు జరిగి నరం నొక్కుకున్నా ముందు కాలే ఎత్తుతుంది. అందుకే డాక్టరుతో కాలొక్కటే కాకుండా మెడ, వెన్ను కూడా నొక్కి చూడమని చెప్పండి. మీకు దగ్గర్లోనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఊళ్లో మీకు తెలిసిన కుక్కల డాక్టరున్నా సరే. ఎముక విరిగిందా లేదా అన్నది ఎక్స్‌రేలో తెలుస్తుంది. కానీ డిస్కు, వెన్నుపాము మామూలు ఎక్స్‌రేలో సరిగా కనపడవు. కాబట్టి ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాటతో వచ్చేయకండి, చేత్తో పరీక్ష చేయించండి.

అప్పటిదాకా చిట్టి ఒక్కసారి కూడా దూకకూడదు. ఈ రాత్రికి సులువైన దారి ఒకటుంది. పరుపు తీసి కింద పరిచి మీరూ కిందే పడుకోండి. నాలుగు రోజులు కష్టమనిపించినా ఇంతకంటే భద్రమైన ఏర్పాటు లేదు. డాక్టరు చూసి సరేనన్నాకే నేను కింద చెప్పే పనులు మొదలుపెట్టండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ జాతి నడుము అట్లాంటిది. బొరియల్లో దూరి జంతువులను తరమడానికి జర్మనీలో పెంచిన కుక్క ఇది. పొట్టి కాళ్లు, పొడుగు ఒళ్లు అందుకే. ఆ పొట్టి కాళ్లను ఇచ్చిన జన్యువుల వల్లే వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడతాయి. ఏడాది నిండేసరికే ఆ మార్పు మొదలవుతుంది. గట్టిపడిన డిస్కు ఏదో ఒక రోజు పగిలి వెన్నుపాము మీదికి ఒత్తుతుంది. డాష్‌హండ్‌లలో దాదాపు అయిదింటిలో ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ వస్తుంది. ఎక్కువగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్యలో వస్తుంది. మీ చిట్టికి అయిదేళ్లు.

దూకడం వల్లనే రోగం వస్తుందని మాత్రం అనుకోకండి. బలహీనత పుట్టుకతోనే ఉంది. కానీ అప్పటికే ఎండి పెళుసైన డిస్కుకు ఒక చెడ్డ దూకు చాలు. అది మన చేతిలో ఉన్న సంగతి కాబట్టి దాన్నే పట్టుకుందాం.

ఒకసారి చిట్టి లాంటి కుక్క దిగడాన్ని మంచం మీద నుంచి కాకుండా నేల మీద కూర్చుని ఊహించుకోండి. బాక్స్ కాట్, దాని మీద ఎనిమిది ఇంచుల పరుపు. రెండడుగుల ఎత్తు. చిట్టి భుజం దగ్గర ఎత్తు తొమ్మిది ఇంచులు ఉంటే ఎక్కువ. ఎత్తు లెక్కన చూస్తే మీరు డాబా మీద నుంచి కిందికి దూకినట్టు. నేలను ముందు తాకేది ముందు కాళ్లు. మామూలుగా నిలబడ్డప్పుడే కుక్క బరువులో అరవై శాతం వాటి మీద ఉంటుంది. దూకినప్పుడు మొత్తం బరువు వాటి మీదే పడుతుంది. కింద నున్నటి బండ. కాళ్లు చెరో పక్కకు జారతాయి, ఛాతీ నేలకు కొట్టుకున్నంత పని అవుతుంది. నడుము, వెనక కాళ్లు అప్పటికి ఇంకా గాల్లోనే ఉంటాయి. అవి వచ్చి పడేసరికి వెన్ను మధ్యలో విల్లులా వంగుతుంది. ఎక్కేటప్పుడు కూడా నడుముకు శ్రమే, కానీ పెద్ద దెబ్బలు తగిలేది దిగేటప్పుడు. నా అనుభవంలో మంచం గురించి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం దిగుతూ జారినవే.

అందుకే మెట్లు, ర్యాంపు కంటే ముందు నేల బాగు చేయండి. ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి. రాయి మనకు కొత్త కాదు, కానీ ఇంట్లో అద్దంలా మెరిసే గ్రానైటు, టైల్సు వేసుకోవడం ఈ ముప్పై ఏళ్ల ముచ్చట. నా చిన్నప్పుడు మోకాలెత్తు నులక మంచం, కింద పేడతో అలికిన నేల. కుక్క దూకినా గోళ్లు నేలలో దిగి కాలు ఆగేది. ఇప్పుడు మంచం ఎత్తు పెరిగింది, నేల నున్నబడింది. రెండూ కలిసి కుక్క నడుము మీద పడ్డాయి.

మీకు ఇంటి పక్కనే మంచి మందుంది. కొత్తవాడ జంపఖానాలు. మన వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ మందపాటి నూలు నేతలో కుక్క గోరు ఆగుతుంది, ఉతికితే పోయేది లేదు. మంచం నుంచి దర్వాజ దాకా చిట్టి ఉరికే దారి పొడవునా పరవండి. కానీ ఒట్టి బండ మీద జంపఖానా వేస్తే జంపఖానాయే జారుతుంది. దాని కింద రబ్బరు జాలీ మ్యాట్ వేయాలి. తివాచీలు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, కొలిచి కోసి ఇస్తారు. పరిచాక మీరు దాని మీద నిలబడి మడమతో గట్టిగా తిప్పి చూడండి. మీ కాలి కింద కదిలితే చిట్టి కాలి కింద ఇంకా కదులుతుంది.

అట్లాగే గోళ్లు. ఇంట్లో నడుస్తుంటే టక్ టక్ అని వినపడుతోందంటే గోళ్లు పెరిగినట్టే. అప్పుడు కాలి మెత్తలు నేలకు సరిగా ఆనవు. కత్తిరించండి. మెత్తల మధ్య వెంట్రుకలు పెరిగి ఉంటే అవీ తీయండి.

ఇక ఆ స్పాంజి మెట్లు. వాటి మీద మీ అరచేయి పెట్టి గట్టిగా నొక్కి చూడండి. లోపలికి దిగబడుతుంది కదా. చిట్టి ముందు కాలు పెట్టగానే అట్లాగే దిగబడుతుంది, ఆ ఊపుకు మెట్లు మొత్తం బండ మీద కదులుతాయి. ఒక్కసారి కాలి కింద నేల కదిలితే కుక్క దాన్ని మళ్లీ నమ్మదు. చిట్టిది మొండితనం కాదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ మెట్లు ఒక్కొక్కటి ఆరేసి ఇంచుల ఎత్తుంటాయి. చిట్టి పొట్ట నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటుంది. ప్రతి మెట్టూ దానికి ఒక చిన్న దూకే. ముందు కాళ్లు కింది మెట్టు మీద, వెనక కాళ్లు పై మెట్టు మీద ఉన్నప్పుడు ఆ పొడుగు నడుము ఎట్లా వంగుతుందో చూడండి. అందుకని డాష్‌హండ్‌కు నేను మెట్లు చెప్పను, ర్యాంపే చెబుతాను. వాటిని వాపసు తీసుకుంటే పంపించేయండి.

ర్యాంపుకు లెక్క సులువు. మంచం ఎత్తుకు మూడింతలు పలక పొడవు. పరుపుతో కలిపి నేల నుంచి రెండడుగులుంటే ఆరడుగుల పలక. అప్పుడు వాలు ఇరవై డిగ్రీల లోపు ఉంటుంది, పొడుగు నడుము కుక్క కూడా నడిచినట్టే ఎక్కుతుంది. కొందరు మూడడుగుల పలక చాలనుకుంటారు. రెండడుగుల మంచానికి అది నిచ్చెన వేసినట్టు అవుతుంది, కుక్క సగం నుంచి దూకేస్తుంది. వెడల్పు పదహారు ఇంచులు పెట్టించండి. ఇరుకైతే తిరగలేక భయపడుతుంది. రెండు పక్కలా రెండు మూడు ఇంచుల అంచు పట్టీ కొట్టించండి, నిద్రమత్తులో కాలు పక్కకు పోకుండా. మందపాటి ప్లైవుడ్ తీసుకుని, కింద అడ్డంగా రెండు మూడు చెక్కలు వేయిస్తే మధ్యలో ఊగదు. ఊగిందంటే స్పాంజి మెట్ల కథే మళ్లీ.

వడ్లాయనకు రెండు సంగతులు ముందే చెప్పండి. పైన సన్‌మైకా వేయొద్దని. మీరు చెప్పకపోతే అందం కోసం వేసేస్తారు. నేను మొదటిసారి మా ఇంట్లో ర్యాంపు చేయించినప్పుడు ఇదే జరిగింది. మా ముసలి కుక్క దాని మీద రెండడుగులు ఎక్కి, పొట్ట మీద కిందికి జారింది. ఆ తర్వాత జంపఖానా అతికించినా దాని దగ్గరికి రావడానికి నెల పట్టింది. రెండోది, గుడ్డ బిగించేటప్పుడు మొలలు పైన కొట్టొద్దని. జంపఖానానో గోనె పట్టానో పలక అంచుల మీదుగా కిందికి మడిచి, అడుగు భాగంలో కొట్టాలి. పైన కొడితే నాలుగు నెలలకు మొల తల పైకి లేచి మెత్తల్లో గుచ్చుకుంటుంది. పని అయ్యాక కళ్లు మూసుకుని అరచేత్తో పలక మొత్తం ఒకసారి తడమండి.

పలక పై చివర పరుపుకు సమానంగా ఉండాలి. మధ్యలో సందు ఉంటే కాలు ఇరుక్కుంటుంది. కింది చివర జారకుండా రబ్బరు ముక్క అతికించండి. గదిలో ఆరడుగుల జాగా లేదంటారేమో. హన్మకొండ అపార్ట్‌మెంట్లలో పడక గదులు ఎట్లుంటాయో నాకు తెలుసు. అప్పుడు పలక పొడవు తగ్గించకండి, మంచం ఎత్తు తగ్గించండి. బాక్స్ కాట్ బదులు పదారు ఇంచుల ఎత్తు వచ్చేట్టు దివాన్ వేసుకుని సన్నటి పరుపు వాడితే నాలుగడుగుల పలక సరిపోతుంది. మీ అత్తమ్మ మోకాళ్లకు అంత తక్కువ మంచం కుదరకపోవచ్చు, కాబట్టి మీ గది మంచం ఒక్కటే మార్చుకోండి.

పలక ఎక్కడ పెట్టాలన్నది చిట్టినే నిర్ణయించనివ్వండి. అది రోజూ ఏ పక్క దూకుతుందో, ఆ పక్కే. దర్వాజ వైపు దూకే కుక్కకు గోడ వైపు ర్యాంపు పెడితే అది చుట్టూ తిరిగి రాదు. మిగతా పక్కల పొడవాటి దిండ్లు అడ్డం పెట్టండి. ఒకసారి పెట్టిన చోటు మార్చకండి, ఊడ్చేటప్పుడు తీసినా మళ్లీ అక్కడే పెట్టండి. రాత్రి చిన్న బెడ్‌లైటు వేసి ఉంచండి.

నేర్పేటప్పుడు తొందర వద్దు. మొదటి రెండు మూడు రోజులు పలకను నేల మీద చాప పరిచినట్టు పరచండి. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ లేకుండా ఉడకబెట్టిన కోడి మాంసాన్ని గోరంత గోరంత ముక్కలు చేసుకుని, దాని మీద నడిచినప్పుడల్లా ఒకటి ఇవ్వండి. తర్వాత ఒక చివర పీట మీద పెట్టండి, నాలుగైదు ఇంచుల ఎత్తు. అది ధైర్యంగా నడిచాక స్టూలు ఎత్తు, ఆ తర్వాతే మంచం. ఎత్తుకుని పలక మధ్యలో నిలబెట్టకండి, మెడ పట్టీ పట్టి లాగకండి. ఛాతీకి కట్టే హార్నెస్ వేసి పక్కన నడవండి. ఎక్కడం తొందరగానే వస్తుంది. దిగడమే నేర్పాలి. దిగేటప్పుడు ముక్క ముక్కు దగ్గర కింద పెట్టి, మెల్లగా, అడుగడుగుకూ ఒకటి ఇస్తూ రండి. చివరి అడుగున్నర దూకేసే అలవాటు చాలా కుక్కలకు ఉంటుంది. అందుకని పెద్ద ముక్క ఎప్పుడూ పలక కింది చివర జంపఖానా మీదే ఇవ్వండి. ఎక్కు, దిగు అని రెండే మాటలు వాడండి, ఇంట్లో అందరూ అవే వాడాలి. రోజుకు రెండుసార్లు, అయిదు నిమిషాలు చాలు. రెండు మూడు వారాలు పట్టొచ్చు.

ఇంత నేర్పినా పాలాయన బెల్లు మోగితే అన్నీ మరిచిపోతుంది. కాబట్టి పాలాయనకు ఒక మాట చెప్పండి: బెల్లు కొట్టొద్దు, సంచి తగిలించి పొమ్మని. మా కాలనీలో చాలామంది అట్లాగే చేస్తారు. తర్వాత మెల్లగా బెల్లు పాఠం కూడా చెప్పండి. మీ ఆయన్ను బయట నిలబడి బెల్లు కొట్టమనండి, మోగిన వెంటనే మీరు పలక పై చివర దగ్గర ముక్క చూపించి దించండి. పది పదిహేను రోజులు అట్లా చేస్తే బెల్లు వినగానే పలక దిక్కు చూడటం మొదలుపెడుతుంది.

బరువు గురించి కూడా చెప్పాలి. చూడకుండా పదకొండు కిలోలు ఎక్కువని నేను తేల్చలేను, ఒళ్లు పెద్దదైతే సరిపోవచ్చు. మీరే చూసుకోండి. రెండు చేతులు చిట్టి పక్కటెముకల మీద పెట్టి మెల్లగా జరపండి. నొక్కకుండానే ఎముకలు వేళ్లకు తగలాలి. పై నుంచి చూస్తే నడుము దగ్గర కాస్త సన్నబడాలి. అట్లా లేకపోతే తగ్గించాలి. చాయ్‌తో పాటు ఇచ్చే బిస్కెట్లు ముందు మానిపించండి, అన్నం తగ్గించమంటే అత్తమ్మకు కష్టంగా ఉన్నా సరే. రోజూ రెండు పూటలా నడిపించండి. వెన్ను చుట్టూ కండ గట్టిగా ఉంటే నడుముకు అదే ఆసరా. మన ఎండాకాలంలో మాత్రం పొద్దున ఆరున్నర లోపే, రోడ్డు కాలకముందే.

ఎత్తుకోవాల్సి వస్తే ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి పిరుదుల కింద పెట్టి, వీపు నేలకు సమంగా ఉండేట్టు మీ ఒంటికి ఆనించుకోండి. ముందు కాళ్ల సంకల్లో పట్టుకుని పిల్లల్ని లేపినట్టు లేపితే వెనక భాగం వేలాడుతుంది, నడుముకు అదే ప్రమాదం. ఇంటికి వచ్చే చిన్న పిల్లలకు ఎత్తుకోనివ్వకండి, కింద కూర్చుని ఒళ్లో పెట్టుకోమనండి.

ఇది చదివే వేరేవాళ్ల ఇంట్లో పామ్ అని పిలిచే పొమరేనియన్ కుక్కో, షిట్జు కుక్కో ఉంటే, షిట్జుకు కూడా డిస్కు బాధ వస్తుంది, ర్యాంపే మంచిది. పామ్‌కు నాలుగు ఇంచుల ఎత్తు, అడుగు పైన లోతు ఉన్న గట్టి చెక్క మెట్లు సరిపోతాయి. రెండు మూడు కిలోల చిన్న పామ్‌లకు ముందు కాలి ఎముకలు పెన్సిలంత సన్నంగా ఉంటాయి. సోఫా మీద నుంచి దూకి రెండు ఎముకలూ విరగ్గొట్టుకున్న పిల్లను కాజీపేట నుంచి ఒకాయన టవల్‌లో చుట్టి నా దగ్గరికి తెచ్చాడు. అంతకుముందు రోజంతా ఇంట్లో ఉన్న ఒళ్లునొప్పుల గోలీ అరముక్క వేశాడు. కాలు కంటే ముందు ఆ గోలీకి వైద్యం చేయాల్సి వచ్చింది. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మనుషుల నొప్పి గోలీలు ఏవీ కుక్కకు మీ అంతట మీరు వేయకండి.

మీ ఆయన మాటకు, అత్తమ్మ మాటకు కూడా జవాబు చెప్పాలి. కుక్క మంచం ఎక్కకూడదని అనుకునే ఇల్లు తప్పు ఇల్లేమీ కాదు. మొదటి నుంచీ కింద పరుపు వేసి అలవాటు చేస్తే హాయిగా పడుకుంటుంది. కానీ అయిదేళ్లు మనిషి పక్కన పడుకున్న ప్రాణాన్ని, పెంచిన పిల్ల కూడా దూరమైన ఈ సమయంలో, వరండాలో గొలుసుకు కట్టేస్తే రాత్రంతా గుంజుకుంటుంది. మెడకు, నడుముకు అది దూకడం కంటే మంచిదేమీ కాదు. అత్తమ్మకు శుభ్రత గురించి బాధ ఉంటే, గోమార్లకు మందు వేయించడం, డాక్టరు చెప్పిన గడువుల్లో నట్టల మందు ఇవ్వడం, పడుకునే ముందు కాళ్లు తుడవడం, మంచం మీద దానికో వేరే దుప్పటి పరచడం చేయండి. ఆమె దుప్పటి జోలికి చిట్టి రాకుండా చూసుకుంటే ఆమె కూడా ఊరుకుంటుందని నా నమ్మకం.

ఈ గుర్తులు మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. వీపు గూనిలా పెట్టి నిలబడటం, ముట్టుకుంటే వణకడం, ఎత్తుకుంటే అరవడం, తల కిందికి వంచి తినలేకపోవడం, ఎప్పుడూ ఎక్కే చోటు ఎక్కకుండా నిలబడి చూడటం. వీటిలో ఏది కనపడినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. వెనక కాళ్లు తడబడినా, ఈడ్చినా, మూత్రం ఆగిపోయినా గంటలు కూడా ఆగకండి, అర్ధరాత్రయినా బయల్దేరండి. కాళ్లలో స్పర్శ పోకముందే వైద్యం అందిన కుక్కలు మళ్లీ నడిచే అవకాశం చాలా ఎక్కువ. తీసుకుపోయేటప్పుడు గట్టి పలక మీద పడుకోబెట్టి, కదలకుండా గుడ్డతో వదులుగా కట్టి తీసుకుపోండి. మీరు చేయించే ర్యాంపు ఉంది కదా, అంత పెద్దది కారులో పట్టదు. అదే ప్లైవుడ్‌లో మిగిలిన ముక్క రెండున్నర అడుగులది కోయించి బీరువా పక్కన పెట్టుకోండి.

ఇంకొకటి. బతుకమ్మ, దసరా సెలవులకు మీ అమ్మాయి వస్తుంది. ఆమెను చూడగానే చిట్టికి ఒళ్లు తెలియదు, ఆమె కూడా దర్వాజలోనే నిలబడి చేతులు చాచి పిలుస్తుంది. ముందే ఫోన్‌లో చెప్పి పెట్టండి: లోపలికి వచ్చి, పలక కింది చివర దగ్గర జంపఖానా మీద కూర్చున్నాకే పిలవమని.